వింగ్ కమాండర్: వాయుసేన హోదా - ఆవిర్భావం, పరిణామం, వినియోగం

వ్యాససంగ్రహం:

వాయుసేన మధ్యశ్రేణి అధికారుల హోదాలలో ‘వింగ్ కమాండర్’ ప్రధానమైనది. పదాన్నిబట్టి చూస్తే ‘వింగ్’ అనే విభాగానికి అధిపతి అనే అర్థం స్ఫురిస్తుంది. అయితే ఈ హోదా ఏర్పడిన నాటినుంచి పేరు మారకుండానే, ఆ పేరు సూచించే బాధ్యతలు అనేక పర్యాయాలు మారాయి. బ్రిటన్‌లో 1914-1919 మధ్య ఈ హోదా రూపుదిద్దుకొన్న తీరు, రెండవ ప్రపంచయుద్ధకాలంలో దాని వినియోగం, భారత వాయుసేనలో అది నిలదొక్కుకొన్న క్రమం, 2004 తరువాత వచ్చిన మార్పు, మహిళా అధికారుల విషయంలో ఈ హోదా పొందిన ప్రత్యేక ప్రాధాన్యం ఈ వ్యాసంలో పరిశీలించబడ్డాయి. హోదా వేరు, పదవి వేరు అనే స్పృహ లేకుండా సైనిక చరిత్రను చదవడంవల్ల, అనువదించడంవల్ల కలిగే పొరపాట్లను ఎత్తిచూపడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలక పదాలు: వింగ్ కమాండర్, వాయుసేన, హోదా, పదవి, స్క్వాడ్రన్, మహిళా అధికారులు, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

భారత వాయుసేనలో కమిషన్ పొందిన అధికారి నేడు ఫ్లైయింగ్ ఆఫీసర్‌గా ఉద్యోగజీవితాన్ని ప్రారంభిస్తాడు. అక్కడినుంచి ఫ్లైట్ లెఫ్టినెంట్, స్క్వాడ్రన్ లీడర్, వింగ్ కమాండర్, గ్రూప్ కెప్టెన్, ఎయిర్ కమొడోర్, ఎయిర్ వైస్ మార్షల్, ఎయిర్ మార్షల్, ఎయిర్ చీఫ్ మార్షల్ అనేవి వరుస మెట్లు. ఈ తొమ్మిదింటిలో వింగ్ కమాండర్ కిందినుంచి నాలుగవది. పదాతిసైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్, నౌకాదళంలో కమాండర్ దీనికి సమానమైన హోదాలు. భుజంమీద, చేతి అంచున ఒకే వెడల్పుగల మూడు పట్టీలు దీని చిహ్నం. నౌకాదళ కమాండర్‌కు కూడా మూడు పట్టీలే ఉండటం ఈ హోదా మూలాలను తెలిపే తొలి ఆధారం.

తెలుగు పాఠకులకు ఈ పేరు కొత్తది కాదు. 2019 ఫిబ్రవరిలో అభినందన్ వర్ధమాన్ పాకిస్తాన్ సైన్యానికి చిక్కి తిరిగివచ్చినప్పుడు, 2025 మే 7న ‘ఆపరేషన్ సిందూర్’ వివరాలను వ్యోమికా సింగ్ దేశానికి తెలిపినప్పుడు ‘వింగ్ కమాండర్’ అన్న మాట ఇంటింటా వినిపించింది. అయినా ఆ మాటకు అర్థమేమిటి? వింగ్ కమాండర్ నిజంగా ఒక వింగ్‌కు అధిపతియేనా? కాకపోతే ఆ పేరు ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నలకు సమాధానం చరిత్రలో వెతకవలసి ఉంది.

2. ‘వింగ్’ - విమానానికి ముందున్న సైనికపదం:

‘వింగ్’ అంటే రెక్క. విమానానికి రెక్కలున్నాయి కనుక వాయుసేన విభాగానికి ఆ పేరు వచ్చిందని అనుకోవడం సహజం. కానీ సైనికార్థంలో రెక్క అనే భావన విమానంకన్నా ఎన్నో శతాబ్దాలు ప్రాచీనమైనది. లాటిన్ భాషలో ‘ఆలా’ అంటే రెక్క. రోమన్ సైన్యంలో ప్రధానదళానికి ఇరుప్రక్కల నిలిచే మిత్రసైన్యాన్ని మొదట ఆ పేరుతో పిలిచారు. తరువాతికాలంలో సుమారు 500 మంది అశ్వికులుగల దళానికి అదే పేరు స్థిరపడింది.

మన శాస్త్రగ్రంథాలలోనూ ఇదే భావన కనిపిస్తుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం పదవ అధికరణంలో వ్యూహవిభాగం చెప్పేటప్పుడు పక్షాలు, కక్షాలు, ఉరస్యం, ప్రతిగ్రహం అనే పదాలు వస్తాయి. సైన్యాన్ని ఒక పక్షి శరీరంగా భావించి రెక్కలు, ప్రక్కలు, రొమ్ము అని విభజించడం ఇందులోని ఊహ. మహాభారతంలోని గరుడవ్యూహం, క్రౌంచవ్యూహం ఈ ఊహకు కావ్యరూపాలు. ‘పక్షం’ అన్న పదానికి రెక్క అనీ, ఒక వర్గం అనీ రెండర్థాలు తెలుగులో నేటికీ వాడుకలో ఉన్నాయి. ఆంగ్లంలోని ‘వింగ్’కు కూడా ఈ రెండర్థాలూ ఉండటం గమనార్హం. వాయుసేన చరిత్రలో ‘వింగ్’ మొదట రెండవ అర్థంలోనే, అంటే ఒక శాఖ అనే అర్థంలోనే ప్రవేశించింది.

3. హోదా ఆవిర్భావం (1912-1919):

3.1 రెండు శాఖలు, రెండు సంప్రదాయాలు:

1912 ఏప్రిల్ 13న బ్రిటన్‌లో రాయల్ ఫ్లైయింగ్ కోర్ ఏర్పడింది. ఇందులో సైనిక శాఖ, నౌకా శాఖ అనే రెండు ‘వింగ్’లు ఉండేవి. 1914 జూలై 1న నౌకా శాఖ వేరుపడి రాయల్ నేవల్ ఎయిర్ సర్వీస్‌గా మారింది. ఇక్కడినుంచి రెండు భిన్నమైన సంప్రదాయాలు మొదలయ్యాయి.

సైనిక శాఖ పదాతిసైన్యపు హోదాలనే కొనసాగించింది. 1914 నవంబరులో ఫ్రాన్స్ యుద్ధరంగంలో స్క్వాడ్రన్లను కలిపి వింగ్‌లుగా ఏర్పాటు చేశారు. మొదటి వింగ్ బాధ్యతను హ్యూ ట్రెంచార్డ్ స్వీకరించాడు. అప్పటికి ఆయన హోదా లెఫ్టినెంట్ కల్నల్, ఆయన నిర్వహించిన పదవి వింగ్ అధిపత్యం. అంటే హోదాకు ఒక పేరు, పదవికి మరొక పేరు ఉన్నాయి.

నౌకా శాఖ మార్గం వేరు. అక్కడ ఫ్లైట్ లెఫ్టినెంట్, ఫ్లైట్ కమాండర్, స్క్వాడ్రన్ కమాండర్, వింగ్ కమాండర్ వంటి కొత్త పేర్లను సృష్టించుకొన్నారు. పదవిని తెలిపే మాట అధికారి పేరుకు ముందు చేరే హోదాగా మారింది ఇక్కడే. నేటి వింగ్ కమాండర్ హోదాకు పేరు ఈ నౌకాసంప్రదాయంనుంచి వచ్చింది.

3.2 రాయల్ ఎయిర్ ఫోర్స్ - పేర్ల వివాదం:

1918 ఏప్రిల్ 1న రెండు శాఖలనూ కలిపి రాయల్ ఎయిర్ ఫోర్స్‌ను స్థాపించారు. ప్రపంచంలో పదాతిసైన్యానికీ నౌకాదళానికీ లోబడని స్వతంత్ర వాయుసేనల చరిత్రలో ఇది కీలకఘట్టం. సంస్థ స్వతంత్రమైనా తొలి 16 నెలలు అధికారులు మేజర్, లెఫ్టినెంట్ కల్నల్ వంటి సైనిక హోదాలనే ధరించారు. సొంత పేర్లు లేని సంస్థ తిరిగి పాత సంస్థలలో కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుచేత పేర్ల ప్రశ్న సంస్థ ఉనికికి సంబంధించిన ప్రశ్నగా పరిణమించింది.

నౌకాదళ హోదాలకు ముందు ‘ఎయిర్’ అనే మాట చేర్చి వాడుకోవాలనే ప్రతిపాదన వచ్చినప్పుడు నౌకాదళం అభ్యంతరం తెలిపింది. లెఫ్టినెంట్ కల్నల్ స్థాయికి ‘రీవ్’ అనే పాత ఆంగ్ల పాలనాపదం, ‘వింగ్ లీడర్’ అనే కొత్త పదం పరిశీలనకు వచ్చాయి. చివరకు నౌకా శాఖలో అప్పటికే అలవాటైన ‘వింగ్ కమాండర్’ ఎంపికైంది. 1919 ఆగస్టు 1నుంచి కొత్త హోదాలు అమలులోకి వచ్చాయి. ఆ రోజున రాయల్ ఎయిర్ ఫోర్స్‌లోని లెఫ్టినెంట్ కల్నళ్లు వింగ్ కమాండర్లయ్యారు.

ఈ పేరులో నౌకాసంప్రదాయపు మాట, పదాతిసైన్యపు స్థాయి రెండూ కలిశాయి. ఆనాటికి పేరుకూ పనికీ పొందిక ఉంది. స్క్వాడ్రన్‌కు స్క్వాడ్రన్ లీడర్, కొన్ని స్క్వాడ్రన్లుగల వింగ్‌కు వింగ్ కమాండర్, కొన్ని వింగ్‌లుగల గ్రూప్‌కు ఆపై స్థాయి అధికారి అన్నది ఈ నిచ్చెన వెనుకనున్న తర్కం.

4. రెండవ ప్రపంచయుద్ధం - పేరుకూ పనికీ ఎడం:

యుద్ధం ఈ పొందికను చెదరగొట్టింది. బాంబర్ విమానాల స్క్వాడ్రన్లు పరిమాణంలో పెరిగాయి. ఒక్కొక్క విమానంలో ఏడుగురు సిబ్బంది ఉండే లాంకాస్టర్ వంటి యంత్రాలు వచ్చిన తరువాత స్క్వాడ్రన్ నిర్వహణ పెద్ద బాధ్యతగా మారింది. ఫలితంగా బాంబర్ స్క్వాడ్రన్ అధిపత్యం వింగ్ కమాండర్‌కు దక్కింది. స్క్వాడ్రన్ లీడర్ అందులోని ఒక ఫ్లైట్‌కు అధిపతి అయ్యాడు. అంటే ప్రతి హోదా తన పేరు చెప్పే విభాగంకంటే ఒక మెట్టు దిగువ విభాగాన్ని నడిపింది.

1943 మే 16-17 రాత్రి జర్మనీలోని ఆనకట్టలపై 19 లాంకాస్టర్ విమానాలతో దాడి చేసిన 617వ స్క్వాడ్రన్ అధిపతి గై గిబ్సన్ ఇందుకు ప్రసిద్ధోదాహరణ. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరాలు; ఆయనది తాత్కాలిక వింగ్ కమాండర్ హోదా. అదే సంవత్సరం ఆ స్క్వాడ్రన్ బాధ్యతను చేపట్టడానికి లియొనార్డ్ చెషైర్ తన గ్రూప్ కెప్టెన్ హోదాను వదులుకొని వింగ్ కమాండర్‌గా ఒక మెట్టు దిగాడు. యుద్ధకాలంలో పదవినిబట్టి హోదా నిర్ణయమయ్యేదని ఈ ఉదంతం నిరూపిస్తుంది.

యుద్ధవిమానాల విషయంలో మరొక మార్పు వచ్చింది. 1941లో అనేక స్క్వాడ్రన్లను ఆకాశంలో స్వయంగా నడిపించే అధికారి అవసరమైనప్పుడు ‘వింగ్ లీడర్’ అనే పదవిని ఏర్పరచారు. టాంగ్మియర్‌లో డగ్లస్ బేడర్, బిగ్గిన్ హిల్‌లో సెయిలర్ మలాన్ ఈ పదవిని తొలిగా నిర్వహించినవారు. వింగ్ కమాండర్ అనే హోదా అప్పటికే ఉండగా వింగ్‌ను నడిపే పనికి వేరొక పేరు కల్పించవలసి రావడం ఆ హోదా తన మూలార్థంనుంచి ఎంత దూరం జరిగిందో చెబుతుంది. 1919లో పక్కన పెట్టిన పేరే మరొక రూపంలో తిరిగిరావడం చరిత్రలోని ఒక చిత్రం.

5. భారత వాయుసేనలో వింగ్ కమాండర్:

5.1 వలసపాలన కాలం:

తెలుగునేలకు బ్రిటిష్ వాయుసేనతో తొలిసంబంధం ధనరూపంలో ఏర్పడింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1918లో సమకూర్చిన విమానాలతో 110వ స్క్వాడ్రన్ యుద్ధరంగానికి వెళ్ళింది. అందుకే దానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అనే పేరు స్థిరపడింది. విమానాలు హైదరాబాదు సొమ్ముతో వచ్చాయి. వాటిని నడిపే అధికారం మాత్రం భారతీయులకు లేదు.

భారత వాయుసేన 1932 అక్టోబరు 8న చట్టరీత్యా ఏర్పడింది. 1933 ఏప్రిల్ 1న కరాచీ సమీపంలోని డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటి విమానాలతో మొదటి స్క్వాడ్రన్‌లోని తొలి ఫ్లైట్ ప్రారంభమైంది. రాయల్ ఎయిర్ ఫోర్స్ హోదాలే ఇక్కడా అమలయ్యాయి. 1939 మార్చిలో సుబ్రతో ముఖర్జీ ఆ స్క్వాడ్రన్‌కు అధిపతి అయ్యారు. ఒక స్క్వాడ్రన్ భారతీయుని చేతికి రావడం అదే మొదలు.

వింగ్ కమాండర్ హోదాను అందుకొన్న తొలి భారతీయుడు కరుణ్ కృష్ణ మజుందార్. 1942లో బర్మా యుద్ధరంగంలో ఆయన స్క్వాడ్రన్ లీడర్‌గా మొదటి స్క్వాడ్రన్‌ను నడిపారు. పరిశీలనకోసం ఉద్దేశించిన లైశాండర్ విమానాలకు బాంబులు అమర్చి జపాన్ స్థావరాలపై దాడులు చేశారు. 1944లో ఐరోపా రంగంలో నార్మండీపై పరిశీలక విమానాలు నడిపారు. ‘డిస్టింగ్విష్డ్ ఫ్లైయింగ్ క్రాస్’ను రెండుసార్లు అందుకొన్నారు. 1945 ఫిబ్రవరిలో లాహోరులో జరిగిన విమానప్రమాదంలో మరణించారు. భారతీయులు విమానదళాలను నడపలేరన్న వలసపాలకుల అనుమానానికి ఆయన వింగ్ కమాండర్ హోదా ఒక ప్రత్యుత్తరం.

5.2 స్వాతంత్ర్యానంతర కాలం:

1950 జనవరి 26న ‘రాయల్’ అనే మాట వాయుసేన పేరునుంచి తొలగింది. కిరీటం స్థానంలో అశోకుని సింహచిహ్నం వచ్చింది. హోదాల పేర్లు మాత్రం అలాగే నిలిచాయి. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేస్తూ సైనిక, విద్యావిషయక విశిష్టతలకు మినహాయింపు ఇచ్చింది. రావుబహద్దూరు వంటి బిరుదులు పోయి, పేరుకు ముందు ‘డాక్టర్’, ‘వింగ్ కమాండర్’ వంటివి నిలవడానికి ఈ మినహాయింపే రాజ్యాంగపరమైన ఆధారం.

1965, 1971 యుద్ధాలనాటికి యుద్ధవిమానాల స్క్వాడ్రన్‌కు వింగ్ కమాండర్ అధిపతిగా ఉండటం స్థిరపడిన సంప్రదాయం. 1965 సెప్టెంబరు 7న సర్గోధాపై దాడిచేసిన మొదటి స్క్వాడ్రన్‌కు ఒ.పి. తనేజా, 1971 డిసెంబరు 14న ఢాకాలోని గవర్నరు భవనంపై మిగ్-21 విమానాలతో దాడిచేసిన 28వ స్క్వాడ్రన్‌కు భూపేంద్రకుమార్ బిష్ణోయ్ అధిపతులు. ఇద్దరూ వింగ్ కమాండర్లే. స్క్వాడ్రన్‌ను నడుపుతూ, స్వయంగా దాడికి ముందు నిలిచే చివరి మెట్టు వింగ్ కమాండర్ అన్న భావన ఈ యుద్ధాలతో బలపడింది.

5.3 2004 - హోదా స్వభావంలో మార్పు:

అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫారసుల తొలిదశ 2004 డిసెంబరులో అమలైంది. సైన్యంలో పదోన్నతులు ఆలస్యం కావడం, మధ్యశ్రేణి అధికారుల వయస్సు పెరిగిపోవడం ఈ సంస్కరణకు నేపథ్యం. దీనిప్రకారం 2 సంవత్సరాల సర్వీసుకు ఫ్లైట్ లెఫ్టినెంట్, 6 సంవత్సరాలకు స్క్వాడ్రన్ లీడర్, 13 సంవత్సరాలకు వింగ్ కమాండర్ హోదాలు నిర్దేశిత పరీక్షలు, అర్హతలకు లోబడి లభిస్తాయి. పోటీతో కూడిన ఎంపిక గ్రూప్ కెప్టెన్ స్థాయికి జరిగింది.

దీనివల్ల వింగ్ కమాండర్ల సంఖ్య పెరిగింది. సంఖ్య పెరిగినప్పుడు ఆ హోదాకున్న అధికారపరిధి కుదించుకుపోవడం సహజం. స్క్వాడ్రన్ అధిపత్యం క్రమంగా గ్రూప్ కెప్టెన్లకు చేరింది. 2020లో తొలి రఫేల్ విమానాలను అందుకొన్న ‘గోల్డెన్ యారోస్’ స్క్వాడ్రన్ అధిపతి హర్‌కీరత్ సింగ్ గ్రూప్ కెప్టెన్. ఇక వాయుసేన స్థావరాలకు అంబాలాలోని 7వ వింగ్ మాదిరిగా ‘వింగ్’ అనే పేరుంది. వాటి అధిపతులు సాధారణంగా ఎయిర్ కమొడోర్ లేదా గ్రూప్ కెప్టెన్ హోదాగలవారు. ఈనాడు వింగ్ కమాండర్ వింగ్‌కు అధిపతి కాడు. చాలా సందర్భాలలో స్క్వాడ్రన్‌కు కూడా అధిపతి కాడు. పని అంతటా విస్తరించింది. విమానచోదన, రాడార్ నియంత్రణ, ఇంజనీరింగ్, సరఫరా, వైద్యం, విద్య, న్యాయం మొదలైన అన్ని శాఖలలోనూ రోజువారీ నిర్ణయాల భారం మోసేది ఈ స్థాయి అధికారులే.

6. మహిళా అధికారులు - పేరులోని ‘కమాండ్’:

ఈ హోదాలోని ‘కమాండర్’ అన్న మాటకు గల బరువు మహిళల విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. బ్రిటన్‌లో 1939లో ఏర్పడిన మహిళా సహాయక వాయుసేనలో ఈ స్థాయికి ‘వింగ్ ఆఫీసర్’ అని పేరు పెట్టారు. స్థాయి ఇచ్చారు కానీ ‘కమాండ్’ అనే మాటను ఇవ్వలేదు. 1968లోగాని అక్కడి మహిళా అధికారులకు పురుషులతో సమానమైన హోదానామాలు దక్కలేదు.

భారతదేశంలో వైద్యవిభాగంలో మహిళలు ముందునుంచీ ఉన్నారు. తిరుపతిలో 1944లో జన్మించిన పద్మావతి బందోపాధ్యాయ ఈ విభాగంలోనే అంచెలంచెలుగా ఎదిగి 2004లో వాయుసేనలో తొలి మహిళా ఎయిర్ మార్షల్ అయ్యారు. ఇతర శాఖలలో మహిళలకు ప్రవేశం 1990ల ఆరంభంలో షార్ట్ సర్వీస్ కమిషన్ ద్వారా లభించింది. వారికి హోదాల పేర్లు పురుషులవే. తేడా కాలపరిమితిలో ఉంది. ఈ కమిషన్‌కు గరిష్ఠ పరిమితి 14 సంవత్సరాలు. వింగ్ కమాండర్ హోదా 13 సంవత్సరాలకు వస్తుంది. అంటే హోదా చేతికందిన ఏడాదికే ఉద్యోగం ముగుస్తుంది. పింఛనుకు కావలసిన 20 సంవత్సరాల సర్వీసు ఎన్నటికీ పూర్తికాదు.

ఈ లెక్క న్యాయస్థానాలకు చేరింది. పదాతిసైన్యానికి సంబంధించి 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, మహిళలను అధిపత్య పదవులనుంచి పూర్తిగా దూరం పెట్టడాన్ని తోసిపుచ్చింది. 2022 నవంబరు 16న వాయుసేన విషయంలో 32 మంది విశ్రాంత మహిళా అధికారులను పింఛను ప్రయోజనాలకు పరిశీలించాలని ఆదేశించింది. తిరిగి ఉద్యోగంలోకి తీసుకొనే కాలం దాటిపోయినందువల్ల 20 సంవత్సరాల సర్వీసు పూర్తయినట్లుగా భావించి పింఛను నిర్ణయించాలన్నది ఆ ఆదేశసారం. ఆ కేసు ఒక విశ్రాంత వింగ్ కమాండర్ పేరుమీదనే నమోదై ఉంది.

షాలిజా ధామి ఉద్యోగక్రమం ఈ పరిణామానికి రెండవ పార్శ్వం. 2019 ఆగస్టులో ఆమె హిండన్ స్థావరంలో ఫ్లైట్ కమాండర్ పదవి చేపట్టిన తొలి మహిళ అయ్యారు. అప్పటికి ఆమె హోదా వింగ్ కమాండర్. 2023 మార్చిలో పశ్చిమరంగంలోని ఒక క్షిపణి స్క్వాడ్రన్‌కు అధిపతిగా నియమితులయ్యారు. అప్పటికి ఆమె హోదా గ్రూప్ కెప్టెన్. హోదా ‘వింగ్’, పదవి ‘ఫ్లైట్’. హోదా ‘గ్రూప్’, పదవి ‘స్క్వాడ్రన్’. పేరుకూ అధికారానికీ మధ్య రెండేసి మెట్ల తేడా ఉందని ఈ ఒక్క ఉద్యోగక్రమమే తెలుపుతుంది. ఆ రెండు నియామకాలలోనూ చరిత్రాత్మకమైనది హోదా కాదు, పదవి.

7. ఇతర దేశాలు, తెలుగు వినియోగం:

పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నైజీరియా, ఘనా మొదలైన దేశాలు ఈ హోదాను కొనసాగిస్తున్నాయి. కెనడా 1968లో త్రివిధదళాలను ఏకం చేసినప్పుడు దీన్ని వదలి లెఫ్టినెంట్ కల్నల్‌ను స్వీకరించింది. థాయిలాండ్‌లో సమానహోదా పేరు ‘నావా ఆకాత్ థో’. నావ, ఆకాశం అనే సంస్కృతపదాలు అందులో ఉన్నాయి. ‘ఎక్, థో, త్రి’ అనే మూడు శ్రేణులలో ఇది రెండవది. నౌకాసంప్రదాయంనుంచి వాయుసేన హోదా పుట్టిందన్న చరిత్ర ఆ పేరులో దాగకుండా కనిపిస్తుంది.

తెలుగులో ఈ హోదాకు ప్రత్యేకపదం ఏర్పడలేదు. పత్తి, సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని, అక్షౌహిణి అనే సేనావిభాగాల వరుస అమరకోశంనుంచి మనకు తెలుసు. దళవాయి, దండనాయకుడు, సుబేదారు, హవల్దారు వంటి మాటలు మన చరిత్రలో వాడుకలో ఉన్నాయి. అయినా పత్రికలు ‘వింగ్ కమాండర్’నే స్వీకరించాయి. ఇది సముచితమైన నిర్ణయమే. ‘దళాధిపతి’ అని అనువదిస్తే హోదా పదవిగా మారిపోతుంది; లేని అధిపత్యాన్ని అంటగట్టినట్లవుతుంది.

అయితే పదాన్ని యథాతథంగా తీసుకొన్నంత మాత్రాన సమస్య తీరదు. మూడు సందర్భాలలో అనువాదకులు జాగ్రత్త వహించవలసి ఉంది.

మొదటిది, అమెరికా వార్తలు. అమెరికా వాయుసేనలో ‘వింగ్ కమాండర్’ అనేది హోదా కాదు, పదవి. దాన్ని నిర్వహించేది కల్నల్ లేదా బ్రిగేడియర్ జనరల్. పైగా అక్కడ గ్రూప్‌కంటే వింగ్ పెద్దది. ఇక్కడ గ్రూప్ కెప్టెన్, వింగ్ కమాండర్‌కంటే పైవాడు. ఒకే మాట రెండు దేశాలలో రెండు స్థాయిలను సూచిస్తుంది.

రెండవది, ‘మాజీ’ అనే విశేషణం. పదవి ముగిసినవారిని మాజీ అనవచ్చు. హోదా పదవీవిరమణతో పోదు. కనుక ‘మాజీ వింగ్ కమాండర్’ కంటె ‘విశ్రాంత వింగ్ కమాండర్’ సరైన ప్రయోగం. ‘స్క్వాడ్రన్ మాజీ అధిపతి’ అనడంలో దోషం లేదు.

మూడవది, కాలం. 1984 ఏప్రిల్‌లో అంతరిక్షయానం చేసిన రాకేశ్ శర్మ హోదా నాటికి స్క్వాడ్రన్ లీడర్. విరమణనాటికి వింగ్ కమాండర్. అభినందన్ 2021లో గ్రూప్ కెప్టెన్ అయినా జనవ్యవహారంలో వింగ్ కమాండర్‌గానే నిలిచారు. సంఘటన జరిగిననాటి హోదాను ఆ సంఘటనతోనే పేర్కొనడం చరిత్రరచనలో పాటించవలసిన నియమం.

8. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. ‘వింగ్’ అనే సైనికపదం విమానంకంటే ప్రాచీనమైనది. వాయుసేనలో అది శాఖ అనే అర్థంతో ప్రవేశించి, తరువాత విభాగానికీ, అటుపైన హోదాకూ పేరైంది.

2. వింగ్ కమాండర్ హోదా పేరు నౌకాసంప్రదాయంనుంచి, స్థాయి పదాతిసైన్యంనుంచి వచ్చాయి. 1919లో కొత్త సంస్థ తన స్వతంత్ర ఉనికిని చాటుకోవడానికి ఈ పేర్లు తోడ్పడ్డాయి.

3. హోదా పేరుకూ పదవికీ పొందిక రెండవ ప్రపంచయుద్ధంలోనే సడలింది. భారత వాయుసేనలో 1965, 1971నాటికి ఈ హోదా స్క్వాడ్రన్ అధిపత్యాన్ని, 2004 తరువాత ప్రధానంగా అనుభవాన్ని, సర్వీసుకాలాన్ని సూచిస్తున్నది.

4. మహిళా అధికారుల విషయంలో హోదా సమానంగా లభించినా కాలపరిమితి, పదవులు సమానంగా లభించలేదు. సమానత్వాన్ని హోదాల పేర్లతో కాక, పదవులతోనూ సర్వీసు షరతులతోనూ కొలవాలని న్యాయస్థానాల తీర్పులు స్పష్టం చేస్తున్నాయి.

5. తెలుగులో ‘వింగ్ కమాండర్’ను అనువదించకుండా వాడుతూనే, హోదా, పదవి, కాలం అనే మూడింటినీ వేరువేరుగా పేర్కొనడం అవసరం.

హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వాయుసేన అకాడమీనుంచి ఏటా యువతీయువకులు ఫ్లైయింగ్ ఆఫీసర్లుగా బయటికి వస్తున్నారు. వారిలో అర్హత సాధించినవారికి 13 సంవత్సరాలకు మూడు పట్టీలు వస్తాయి. ఆ పట్టీలతోపాటు ఏ అధికారం వస్తుంది, ఎంతకాలం నిలుస్తుంది అన్నది మాత్రం పేరు చెప్పదు. ఆనాటి నియమాలు చెబుతాయి.